ఖాళీ జల్లెడ

"మన రాయికి పిచ్చెక్కిందట!"

గేటు దగ్గర కాపలా కాసే తాత ఫోను చెవి మీంచి తీసి, రెండు చేతులూ నోటి చుట్టూ గొట్టంలా పెట్టుకుని ఈ కేక వేశాడు. కంకర మిల్లులో కేక వేస్తేనే అది మాట. మామూలు గొంతుతో అంటే మనసులో అనుకున్నట్టే లెక్క. దవడ మిషను పొద్దున్నుంచి బండల్ని నములుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేసే అందరికీ సగం చెవులే మిగిలాయి. తాతకైతే ఆ సగంలో కూడా సగమే.

"రాయికి పిచ్చేంటి తాతా? ఎవర్నైనా కరిచిందా?" అన్నాడు లారీ డ్రైవరు, తలుపు తీసి మెట్టు మీదే కూర్చుంటూ.

"నాకేం తెలుసురా! వంతెన దగ్గర్నుంచి ఫోను. మీ రాయికి పిచ్చి ఎక్కువైంది, రెండు లోడ్లూ వెనక్కి పంపుతున్నాం అన్నారు."

ఆ కబురు బెల్టు దగ్గరికి చేరేసరికి వంతెన దగ్గర ఎవరికో పిచ్చెక్కి రాళ్ళు విసురుతున్నాడన్న మాటగా మారింది. బెల్టుకి అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడి రాయి ఏరే ఎనిమిదిమంది ఆడవాళ్ళూ చేతులు ఆపకుండానే ముక్కుకి కట్టుకున్న గుడ్డలు కిందికి లాగి, "అయ్యో, ఎవరికైనా తగిలాయా?" అని జాలి కూడా పడిపోయారు.

అందరికంటే ముందు, రాయి వచ్చి పడే చోట నిలబడే పెచ్చులక్క మాత్రం జాలి పడలేదు.

"పిచ్చి కాదే, పెచ్చు! రాయిలో పెచ్చులు ఎక్కువయ్యాయని చెప్పుంటారు."

అందరూ గొల్లుమన్నారు. తాతని తలో మాటా అని వెక్కిరించారు. నవ్వు అయిపోయాక ఒక్కొక్కరే పెచ్చులక్క వైపు చూసి, గబుక్కున చూపు రాళ్ళ మీదికి తిప్పేసుకున్నారు. ఆ మిల్లులో పెచ్చు దాటి వెళ్ళిందంటే అది ఎవరి చేతి కింద నుంచి దాటిందో వేరే చెప్పక్కర్లేదు.

రాయి పగిలితే నాలుగు రకాలుగా పగులుతుంది. నలువైపులా సమానంగా, చిక్కటి ముక్కలా పగిలితే అది దుక్క. పొడుగ్గా, సన్నగా వస్తే పుల్ల. చెక్కు లేచినట్టు పల్చగా ఊడితే పెచ్చు. మూలలన్నీ అరిగి నున్నగా ఉండే గుండు మాత్రం మిల్లులో పుట్టదు. దాన్ని నీళ్ళు దొర్లించాలి, ఏళ్ళు పట్టాలి. మిల్లుకి అంత తీరికెక్కడిది? వంతెనకి కావలసింది దుక్క. దుక్కకి మూలలుంటాయి, అవి పక్కదాన్ని పట్టుకుంటాయి. పెచ్చు కాంక్రీటులో వెల్లకిలా పడుకుంటుంది. దాని కింద నీరు చేరుతుంది, బరువు పడగానే అది పెళుక్కుమంటుంది. నూటికి ఇరవై అయిదు దాకా వంతెనవాళ్ళు ఓర్చుకుంటారు. ఆ పైన ఒక్కటి కూడా ఒప్పుకోరు.

ఇరవై రెండేళ్ళుగా పెచ్చులక్క పని ఆ పెచ్చుల్ని పెచ్చుమీరకుండా చూడడం. రాయి కదులుతుండగానే ఎడమ చేతి వేళ్ళు దాని మీద వాలతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పల్చదనం తెలియగానే మణికట్టు ఒక్క తిప్పు తిప్పుతుంది, పెచ్చు వెనక తొట్టిలో పడుతుంది. ఆమె పక్కనే నిలబడి పుల్లలు ఏరే ఆమెను పుల్లమ్మ అంటారు. ఇద్దరికీ అసలు పేర్లున్నాయి. జీతాల రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప అవి ఎవరికీ అవసరం పడవు.

గంట తిరక్కుండా యజమాని కారు దిగాడు. దిగి, తిన్నగా బెల్టు దగ్గరికే వచ్చాడు. బెల్టు ఆపించాడు. డ్రైవర్లు, మిషను మేస్త్రీ, తాత అందరూ మూగారు.

"నలభై రెండు!" అన్నాడు చేతిలో కాగితం ఊపుతూ. "నూటికి నలభై రెండు పెచ్చులట! ఇరవై అయిదు దాటకూడదని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు సార్."

"తెలిసి వదిలేశావా? కనపడక వదిలేశావా?"

పెచ్చులక్క చేతులు కొంగుకి తుడుచుకుంది. దుమ్ము కొంగు నుంచే చేతులకి అంటుకుంది. "నలభై రెండు ఉండవు సార్. ఉండడానికి వీల్లేదు."

"అంటే పరీక్ష చేసినవాడు గుడ్డివాడా? కొత్తగా వచ్చాడట, చదువుకున్నవాడు. పుస్తకం ముందు పెట్టుకుని చేస్తాడు. నీ వయసెంతమ్మా?"

"యాభై నాలుగు."

"అదీ సంగతి. కళ్ళు పోయాయి." ఆ మాట ఆమెతో కాకుండా చుట్టూ ఉన్న అందరితో అన్నాడు. "సోమవారం దాకా చూస్తాను. అంకె దిగకపోతే ముందు స్థానంలో పుల్లమ్మ నిలబడుతుంది. నువ్వు షెడ్డులో గోనెసంచులు కుట్టుకో. పంపించెయ్యట్లేదు కదా, నీడపట్టున కూర్చోబెడుతున్నాను."

ఆయన వెళ్ళాక పుల్లమ్మ దగ్గరికి వచ్చి, "నేను నిలబడనక్కా. ఒట్టు. ఆయన్నే వచ్చి నిలబడమను, నడుం పట్టేస్తే తెలుస్తుంది," అంది.

"నోరు ముయ్యవే, రాయి వస్తోంది," అంది పెచ్చులక్క.

*

ఆమె భర్త దర్జీ. ముందుగదిలో కిటికీ కింద కుట్టుమిషను, గోడ పొడవునా అలమర, అలమర నిండా బొత్తాల డబ్బాలు. పెచ్చులక్క వచ్చి చెప్పులు విప్పి, మొహం కడుక్కోకుండానే ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, నా కళ్ళు ఎలా ఉన్నాయి?"

"పెళ్ళిచూపుల్లో అడగాల్సింది ఇప్పుడడుగుతున్నావేంటే? బాగానే ఉన్నాయి," అన్నాడు దర్జీ నోట్లో దారం పెట్టుకునే.

"హాస్యాలాడకు. పోయాయంటున్నాడు."

దర్జీ దారం తీసేశాడు. జరిగిందంతా విన్నాడు. వింటున్నంతసేపూ కుట్టుమిషను చక్రం మీద అరచెయ్యి ఆనించే ఉంచాడు. తర్వాత లేచి స్టవ్ మీద టీ పెట్టి, రెండు డబ్బాలు దించాడు. ఒకదాంట్లో చొక్కా బొత్తాలు, ఒకదాంట్లో కోటు బొత్తాలు. రెండూ ఒకే వెడల్పు, మందంలో మాత్రం గోరంత తేడా. గుప్పెళ్ళతో తీసి గుడ్డ మీద కలిపేశాడు.

"కళ్ళు మూసుకో."

"ఎందుకు?"

"పోయాయన్నాడుగా! లేకుండానే చేసి చూపించు."

ఆమె కళ్ళు మూసుకుంది. వేళ్ళు బొత్తాల మీద నడిచాయి. టకటకా పల్చనివి ఎడమకి, మందమైనవి కుడికి. ఎనభై చిల్లర బొత్తాలు వేరుపడేసరికి స్టవ్ మీద టీ ఇంకా పొంగను కూడా లేదు. దర్జీ రెండు కుప్పలూ వేలితో కెలికాడు. మళ్ళీ కెలికాడు.

"ఒక్కటి తప్పు."

ఆమె కళ్ళు తెరిచింది. "ఏదీ?"

"ఇది. ఇది బొత్తం కాదు, నా మాత్ర. మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నా."

నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వు పూర్తి చెయ్యలేదు. "బొత్తాలు కదలవయ్యా. రాయి కదులుతుంది. ఏమో, నిజంగానే తప్పిపోతున్నాయేమో. ఇరవై రెండేళ్ళు చేశాను కదా అని గర్వంతో చెయ్యి మొద్దుబారిందేమో."

"మొద్దుబారితే మాత్ర దొరకదు," అన్నాడు దర్జీ. రెండు టీలు పోశాడు.

*

బుధవారం ఆమె ఏరిన ఏరుడు ఆ మిల్లులో ముందెన్నడూ ఎవరూ ఏరలేదు. బెల్టు వేగం సగానికి తగ్గించమని మిషను మేస్త్రీని బతిమాలింది. "పెద్దాయన చంపేస్తాడక్కా," అంటూనే అతను తగ్గించాడు. వంతెనకి వెళ్ళే ఒక్క లోడు మీదే అందరూ కలిసి పనిచేశారు. అనుమానం వచ్చినదాన్నల్లా తీసేశారు. రోజూ అరతొట్టి నిండే పెచ్చులు మధ్యాహ్నానికే తొట్టి నిండి కింద పొర్లాయి. ఆ పెచ్చులు దర్జీ డబ్బాలోంచి బొత్తాల్లా గలగలమంటూ జారాయి. పెచ్చులక్క గోళ్ళ చివర్లు చిట్లి రక్తం కారింది. గుడ్డపేలికలు చుట్టుకుని మళ్ళీ ఏరింది.

సాయంత్రం నాలుగింటికి వంతెన నుంచి అంకె వచ్చింది. ముప్పై ఆరు.

"చూశావా!" అన్నాడు యజమాని. "ఒళ్ళు వంచితే ఆరు తగ్గాయి. ఇన్నాళ్ళూ నిద్రపోయారన్నమాట. ఇంకా పదకొండు తగ్గాలి."

అందరూ తలలు దించుకున్నారు. పెచ్చులక్క మాత్రం ఆ లోడు నింపగా మిగిలిన కుప్ప దగ్గరికి నడిచింది. అది కూడా వాళ్ళు పొద్దున్నుంచి ఏరిన రాయే. నేల మీద కూర్చుని, కుప్పలో పైన కొన్ని, నడుమ కొన్ని, అడుగున కొన్ని తీసి వరసలు పెట్టడం మొదలుపెట్టింది. వరసకి పది. పది వరసలు. వంద రాళ్ళు. ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పింది. నాలుగు పల్చగా ఉన్నాయి. ఇంకో రెండింటి దగ్గర మనసు ఒప్పక వాటినీ పెచ్చుల్లోనే వేసింది.

"ఆరు," అంది పైకే.

పుల్లమ్మ పక్కన చతికిలబడింది. "ఏంటక్కా?"

"వందకి ఆరే ఉన్నాయి. వాళ్ళు ముప్పై ఆరంటున్నారు. ఈ ఆరు నా లోపమే అనుకో. మరి ఆ ముప్పై పెచ్చులు ఎక్కడివే? దారిలో లారీలో పెరిగాయా?"

"లారీ ఊపుకి పగిలాయేమో."

"ఆ ఊపుకి పగిలేదైతే మనకి దవడ మిషనెందుకు? ఒక లారీ చాలుగా!" ఆమె లేచి చీర దులుపుకుంది. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె నడుం నిటారుగా నిలిచింది. "రేపు నా చోట నువ్వు నిలబడు. ఒక్క పూట. నేను వంతెన దాకా వెళ్ళొస్తాను."

"వెళ్ళి?"

"చూసొస్తాను. వాళ్ళ కళ్ళెలా ఉన్నాయో."

*

వంతెన దగ్గర పరీక్షల గది అంటే ఒక రేకుల షెడ్డు. లోపల ఒక పొడవాటి బల్ల, త్రాసు, గోడకి మేకు. ఆ మేకుకి ఒక ఇనుప పలక వేలాడుతోంది. పలకలో వరసగా కోసిన కంతలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా ఉన్నాయి. బల్ల వెనక పరీక్షలాయన కూర్చున్నాడు. ముప్పై దాటి ఉండవు, కళ్ళద్దాలు, జేబులో మూడు పెన్నులు. రాయి గురించి రాయడమే ఆయన ఉద్యోగం.

లారీ డ్రైవరు వెంట లోపలికొచ్చిన ఆమెను చూసి, "ఎవరమ్మా?" అన్నాడు.

"రాయి ఏరేదాన్ని బాబూ. తప్పు ఎక్కడ చేస్తున్నానో మీరు చేసేది చూస్తే తెలుస్తుందని వచ్చాను."

ఆ మాట పరీక్షలాయనకి నచ్చింది. తన పని చూస్తామని అడిగినవాళ్ళు అంతవరకు లేరు. "రండమ్మా, రండి. చాలా తేలిక." నిన్నటి లోడులోంచి తెచ్చిన నమూనా సంచి విప్పాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు ఇత్తడి జల్లెడల్లో పైనుంచి రాయి పోశాడు. "పైది ఇరవై మిల్లీమీటర్ల కంత. కింద పదహారు. దానికింద పన్నెండున్నర. అడుగున పది. కంత చిన్నదవుతూ వస్తుంది. ఏ సైజు రాయి ఆ జల్లెడలో ఆగిపోతుంది." రెండు చేతుల్తో గట్టిగా కుదిపి, విడదీసి, బల్ల మీద వరసగా పెట్టాడు.

మొదటి జల్లెడలో నాలుగైదు రాళ్ళు ఆగాయి. రెండోదాంట్లో గుట్ట లేచింది. మూడోది కడిగిన కంచంలా ఉంది. నాలుగోదాంట్లో రెండు గుప్పెళ్ళు.

ఆయన రెండో జల్లెడలోని రాళ్ళని ఒక్కొక్కటే పలకలోని ఒక కంతలోంచి దూర్చడం మొదలుపెట్టాడు. దూరనిది ఇటు. దూరింది టక్‌మని కింద పళ్ళెంలో పడితే అది పెచ్చు. టక్. టక్. రెండు ఇటు. టక్.

పెచ్చులక్క ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసింది. చిన్నది, బొద్దుగా ఉంది, నలువైపులా ఒకేలా ఉంది. శుభ్రమైన దుక్క.

"బాబూ, ఇది పెచ్చా?"

"కంతలోంచి పడింది కదమ్మా."

"చిన్నపిల్ల గుమ్మంలోంచి తల వంచకుండా వెళ్తుంది. పల్చగా ఉందని కాదు కదా, పిల్ల కాబట్టి."

"అందుకేనమ్మా జల్లెడ పట్టేది," అన్నాడాయన ఓపిగ్గా. "పెద్దరాళ్ళకి పెద్ద కంత, చిన్నరాళ్ళకి చిన్న కంత. కలపకూడదు. పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"మరి ఇది పెద్దరాళ్ళ గుంపులోకి ఎందుకొచ్చింది?"

"అది పదహారు మీద ఆగింది."

పెచ్చులక్క చూపు మూడో జల్లెడ మీదికి పోయింది. "ఇది ఎందుకు ఖాళీగా ఉంది?"

"మీ రాయిలో ఆ సైజు లేదు."

"లేకపోవడమేంటి బాబూ? పొద్దున లేస్తే నా చేతుల మీదుగా పోయేది ఎక్కువ అదే. వేళ్ళకి తెలుసు." ఖాళీ జల్లెడ అంచు పట్టుకుంది. "ఎన్నాళ్ళనుంచి లేదు?"

"నేను వచ్చినప్పట్నుంచీ. నాలుగు రోజులు."

"మా రాయిలోనేనా? ఇంకెవరి రాయిలోనూ లేదా?"

ఆయన రిజిస్టరు తీశాడు. పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. మూడు మిల్లుల నుంచి వచ్చిన రాయి, నాలుగు రోజులు. మూడో జల్లెడ కింద పై నుంచి అడుగు దాకా సున్నాలే. ఆయనే చక్కటి చేతిరాతతో, గుండ్రంగా, ముత్యాల్లా రాసిన సున్నాలు.

అప్పుడే వంతెన ఇంజనీరమ్మ బురద బూట్లతో గుమ్మంలోకి వచ్చింది. సిమెంటు కాగితాల కోసం వచ్చిన ఆవిడ, రిజిస్టరు మీద వంగిన ఇద్దర్నీ చూసి నిలబడిపోయింది. "ఏమైంది?"

పెచ్చులక్క రెండో జల్లెడలోంచి ఒక చిన్న దుక్కని రెండు వేళ్ళతో తీసి, మూడో జల్లెడ కంత మీద పెట్టి, వదిలింది. అది ఎక్కడా ఆనకుండా జారి బల్ల మీద పడి దొర్లింది. ఇంకోటి పెట్టింది. అదీ జారింది. ఇంకోటి. ఇంకోటి.

"అమ్మా," అంది ఇంజనీరమ్మతో, "నేను చదువుకోలేదు, మీరే చెప్పండి. పెద్ద కంత మీద ఆగిన రాయి చిన్న కంతలోంచి ఎలా జారింది?"

ఇంజనీరమ్మ రెండు జల్లెడలూ చేతుల్లోకి తీసుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పక్కపక్కన పట్టుకుంటే తప్ప కంటికి ఆనని తేడా. ఆవిడ రెంటినీ ఒకసారి చూసి, పరీక్షలాయన్ని రెండుసార్లు చూసింది.

ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. "వచ్చిన రోజు నేనే కడిగానండి," అన్నాడు. "పక్కన చెక్కిన అంకెలు అరిగిపోయి కనపడట్లేదు. పాత కాగితం చీటీలు తడిసి ఊడిపోయాయి. ఎండలో ఆరబెట్టి కొత్త చీటీలు నేనే రాసి అతికించాను. ఈ రెండూ... ఇటుది అటు, అటుది ఇటు అయిపోయాయి."

"మళ్ళీ చెయ్యండి," అంది ఇంజనీరమ్మ, సిమెంటు మాటే మర్చిపోయి స్టూలు లాక్కుని.

జల్లెడలు చోట్లు మారాయి. అదే రాయి, అదే కుదుపు. ఈసారి మూడోది నిండుగా పొంగింది. ఏ సైజు రాయి ఆ సైజు కంతలోనే దూర్చాడు. ఇప్పుడు టక్ అన్న చప్పుడు కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. త్రాసు మీద పెచ్చులు పెట్టాడు, కాగితం మీద కూడాడు, భాగించాడు, మళ్ళీ భాగించాడు.

"ఆరు," అన్నాడు.

"ఆరూ?" అంది ఇంజనీరమ్మ. "నా ఉద్యోగంలో ఆరు చూడలేదు. పన్నెండు చూస్తే పండగ చేసుకున్నాం." పెచ్చులక్క చేతుల వంక, వేళ్ళకి చుట్టిన పేలికల వంక చూసింది. "మొదటి రోజు నమూనా కూడా ఉంది కదా? అదీ చెయ్యండి."

మొదటి రోజుది పద్నాలుగు వచ్చింది. ఎవరూ ఒళ్ళు వంచకముందే, హద్దుకి పదకొండు కింద.

"లోడ్లన్నీ తీసుకుంటాం. ఇప్పుడే మీ యజమానికి ఫోను చేసి చెప్తాను," అని ఇంజనీరమ్మ జేబులోంచి ఫోను తీసింది.

"వద్దమ్మా."

"వద్దా?"

"ఫోనులో చెప్తే ఆయనొక్కడికే తెలుస్తుంది. కళ్ళు పోయాయని ఆయన నన్ను నలుగురిలో అన్నాడు. నలుగురిలోనే చెప్పాలి." పరీక్షలాయన వైపు తిరిగింది. ఆయన మొహం చూస్తే ఆమెకి కోపం రాలేదు. కడిగింది ఆయనే, ఒప్పుకుందీ ఆయనే. "మిమ్మల్ని తిట్టడానికి కాదు బాబూ. రెండు జల్లెడలూ పట్టుకుని రండి, చాలు. మీరు నాకు చెప్పినట్టే చెప్పండి. బాగా చెప్తారు."

*

శుక్రవారం పదింటికి మిల్లు ఆగింది.

ఆపమన్నది ఇంజనీరమ్మ. దవడ మిషను చివరి బండని నమిలి, ఊపిరి వదిలి, నోరు తెరిచే ఉండిపోయింది. పట్టపగలు ఆ మిల్లులో చప్పుడు లేకపోవడం ఎవరి అనుభవంలోనూ లేదు. డ్రైవర్లు తమ గొంతులకి తామే ఉలిక్కిపడి గుసగుసల్లోకి దిగారు. దూరంగా ఎవరింటి పెరట్లోనో గిన్నె కింద పడితే అందరూ అటు చూశారు.

యజమాని కారు దిగి, "ఎవరాపారు? దేనికాపారు?" అంటూ వచ్చాడు. ఇంజనీరమ్మని చూసి గొంతు తగ్గించాడు. మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు. "మీరెందుకండీ శ్రమ పడ్డారు? ఆ ఏరే మనిషిని సోమవారం నుంచి మార్చేస్తున్నానుగా!"

"మార్చేలోపు ఇది వినండి," అందావిడ.

పరీక్షలాయన ఒక బండ ఎక్కాడు. చంకలో రెండు జల్లెడలు. కింద ఎనిమిదిమంది ఆడవాళ్ళు, డ్రైవర్లు, మిషను మేస్త్రీ, కాపలా తాత. పక్కన దర్జీ కూడా ఉన్నాడు. దుకాణం మూసి, మెడలో కొలత టేపు తియ్యడం మర్చిపోయి వచ్చేశాడు.

మొదట ఆ జల్లెడల్ని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. పెచ్చులక్క బండ కింద నుంచి, "జల్లెడ నుంచి మొదలెట్టండి బాబూ," అంది. పెద్ద కంత ఏదో, చిన్న కంత ఏదో రెండు చేతుల్లో ఎత్తి చూపించాడు. తను కడిగినది చెప్పాడు, చీటీలు మార్చినది చెప్పాడు. చిన్నరాళ్ళన్నీ పెద్దరాళ్ళ గుంపులో కలిసిపోయి, పలకలోని పెద్ద కంతలోంచి జారిపడి, పాపం ఉత్తపుణ్యానికి పెచ్చులని పేరు తెచ్చుకున్న సంగతి చెప్పాడు. ఒక దుక్కని తీసి, చిన్న కంతదని తను చీటీ అతికించిన జల్లెడలోంచి జార్చి చూపించాడు. మిషను మేస్త్రీ "ఓహో!" అన్నాడు. పుల్లమ్మ "ఓహో కాదు, ఓరి నాయనో!" అంది.

"అసలు అంకె నలభై రెండు కాదు, పద్నాలుగు. బుధవారంది ఆరు," అని ముగించాడు పరీక్షలాయన. "తప్పు జల్లెడలది కూడా కాదు, నాది. రాయిది కాదు. ఏరినవాళ్ళది అంతకన్నా కాదు."

అందరూ యజమాని వైపు చూశారు. ఆయన జేబు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"సరేనమ్మా," అన్నాడు చివరికి, పెచ్చులక్క భుజం మీదుగా ఎటో చూస్తూ. "నీ చోట నువ్వే ఉండు."

"ఎందుకుండాలో చెప్పండి సార్."

ఆ చప్పుడు లేని మిల్లులో ఆ మాట మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. యజమాని రుమాలు మడిచాడు. ఈసారి ఆమెనే చూశాడు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి. నేనే తొందరపడి నోరు జారాను."

దర్జీ గట్టిగా చప్పట్లు కొట్టబోయి, భార్య చూపు చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కానీ అప్పటికే డ్రైవర్లు అందుకున్నారు. చప్పట్లు రాళ్ళ గుట్టలకి తగిలి తిరిగొచ్చాయి. పరీక్షలాయన ఊపిరి పీల్చుకుని బండ దిగడానికి ఒక కాలు కిందపెట్టాడు. చంకలోంచి ఒక జల్లెడ జారి కిందపడింది.

"ఆగండాగండి!" అంది పుల్లమ్మ, చెంగు నడుముకి బిగించి ముందుకొస్తూ. "వెనకున్న వాళ్ళకి సరిగ్గా వినపడలేదట. ఇంకొక్కసారి చెప్పండి."

వెనకున్న వాళ్ళకి పూర్తిగా వినపడింది. అయినా ఆరుగురూ ఒక్కసారిగా "అవునవును, వినపళ్ళేదు," అన్నారు. పెచ్చులక్క పైట చాటున నవ్వు ఆపుకుంటూ కింద పడ్డ జల్లెడ తీసి ఆయన చేతికి అందించింది. పరీక్షలాయన పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, బండ మీద నిటారుగా నిలబడి, జల్లెడ ఎత్తి పట్టుకుని, ఈసారి మిల్లు నడుస్తున్నప్పుడు ఎలా మాట్లాడాలో అలా గొంతెత్తి, మొదటి నుంచి మొదలుపెట్టాడు.